కోనసీమ బొగ్గు, గుట్టకిందపల్లి నీళ్లు

అనంతపురం వైపు వెళ్లొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "పుట్టపర్తి చూశారా?" అని. చూడలేదండి. లేపాక్షి బసవన్ననూ చూడలేదు. నేను చూసొచ్చింది ఒక బోరుబావి, దాని పక్కన సిమెంటు వరలతో కట్టిన రెండు తొట్లు. "ఇంత దూరం పోయి తొట్లు చూసొచ్చావా?" అని మా తోడికోడలు పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఇంత సంతోషంగా ఏ ప్రయాణం నుంచీ నేను తిరిగి రాలేదు. అటు పోని వాళ్ల కోసం ఆ సంగతంతా రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరు. నేనూ మా ఆయనా కొబ్బరిచిప్పల బట్టీ నడుపుతాం. చిప్పల్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తాం. ఆ బొగ్గుని మళ్లీ ఆవిరి పట్టిస్తూ ఎర్రగా కాలిస్తే దాని ఒంటినిండా కంటికి కనపడని సందులు పడతాయి. దాన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. నీళ్లలో ఉన్న చెడుని ఆ సందుల్లోకి లాగి పట్టుకోవడం దాని పని. వ్యాపారి లారీ వస్తుంది, బస్తాలు ఎక్కుతాయి, వెళ్లిపోతాయి. అవి ఎక్కడికి వెళ్తాయో, ఎవరి నీళ్లు శుభ్రం చేస్తాయో ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు.

ఒకరోజు నస్రీన్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. రాయదుర్గం పిల్ల, అనంతపురంలో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నాలుగైదు చోట్ల నుంచి కార్బన్ తెప్పించి పరీక్ష చేసిందట. దొరికిన వాటిలో మాది బాగా పట్టుకుంటోందట. ఒక ఊరి బోరు బాగు చేయాలి, లోడు పంపుతారా అని అడిగింది. లోడు ముందుగా లారీలో పంపించాం. "నువ్వు కూడా వెళ్లు. మన బొగ్గు పని చేస్తుంటే ఎలా ఉంటుందో ఒకళ్లమైనా చూడాలి కదా" అన్నారు మా ఆయన. బట్టీ ఆయనకి అప్పగించి రైలెక్కాను.

గుంతకల్లు: ఎదురు సీటు పెద్దమ్మ

తెల్లారి కిటికీలోంచి చూస్తే నేల రంగు మారిపోయి ఉంది. మా వైపు ఆకాశం కొబ్బరాకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఆకాశమంతా ఒక్కసారే కనిపించింది. ఎర్ర నేల, దాని మీద ఎవరో తెచ్చి పేర్చినట్టు నల్ల గుండ్లు, దూరంగా గాలిమరలు. ఎంత చూసినా కాలవన్నది లేదు. ఒక వంతెన దాటాం. కింద ఏరు ఉందనుకుని తొంగి చూస్తే ఇసకలో మేకలు పడుకుని ఉన్నాయి.

ఎదురు సీట్లో పెద్దావిడ నా సంచీ వంక చూసి, "ఏముండాదమ్మా దాంట్లో, అంత భద్రంగా పట్టుకున్నావు?" అంది. నమూనాగా తెచ్చిన కార్బన్ చూపించాను.

"బొగ్గా! మా పక్క బొగ్గులకేం కరువమ్మా? కరువంతా నీళ్లకే."

"ఆ నీళ్ల కోసమేనండి" అన్నాను. ఆవిడ నమ్మలేదు. కానీ నేను దిగేటప్పుడు నా చేతిలో గుప్పెడు వేయించిన శనక్కాయలు పోసి, "బొగ్గులు తినలేవు గదా, ఇవి తిను" అంది.

స్టేషన్ బయట ఉగ్గాణి తిన్నాను. బొరుగుల్ని, అంటే మన మరమరాల్ని, నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిపాయా పుట్నాలపొడీ వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్పై రూపాయలు. బజ్జీ కొరికాక నా కళ్లలోంచి వచ్చిన నీళ్లు ఆ జిల్లాలో నేను చూసిన మొదటి నీళ్లు. చట్నీలో కొబ్బరి లేదు, శనక్కాయలే. తర్వాత తెలిసింది, మాకు కొబ్బరి ఎలాగో వాళ్లకి శనక్కాయ అలాగ. కూరలో, పొడిలో, పచ్చట్లో, చివరికి ప్రయాణంలో ముచ్చట్ల మధ్యన కూడా అదే.

రాయదుర్గం: వానే రాని ఊళ్లో వానకోట్లు

రాయదుర్గంలో బస్సు దిగగానే ఎటు తిరిగినా మిషన్ల చప్పుడు. ఇళ్ల అరుగుల మీద, మేడల మీద, గోడౌన్లలో జీన్సు ప్యాంట్లు కుడుతూనే ఉంటారు. రెండు వందలిస్తే కొత్త ప్యాంటు. మా ఆయన పంచె తప్ప కట్టరు, అయినా చవగ్గా ఉందని ఒకటి కొనేశాను.

అక్కడే నస్రీన్ నాకు శంకరమ్మను పరిచయం చేసింది. శంకరమ్మది గుట్టకిందపల్లి. పొద్దున బస్సెక్కి వచ్చి జీన్సు కుట్టి సాయంత్రం వెళ్లిపోతుంది. ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి ఆమే ముందు నిలబడేది. ఆమె గొంతు ముందు మిషన్ల చప్పుడు కూడా తగ్గవలసిందే.

"ఏమక్కా, బాగా వచ్చినావా? మీ పక్క మాటకోసారి 'ఆయ్' అంటారంట, నిజమేనా?"

"ఆయ్" అన్నాను. అప్పటిదాకా మిషన్ల మీద వంగి ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఆ క్షణం నుంచి నేను వాళ్లకి "ఆయ్ అక్క"నైపోయాను.

టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది శంకరమ్మ. ఊరి చుట్టూ బోర్లన్నీ ఎండిపోయేవో, ఉప్పునీళ్లవో. గుట్ట పక్కనున్న ఒక్క బోరు మాత్రం ఎంత ఎండాకాలమైనా తీపినీళ్లు ఇచ్చేది. కొన్నేళ్ల కిందట దాని ఎగువన ఎవరో ఒక షెడ్డు వేశారు. వానకోట్లు కుట్టి, వాటికి నీళ్లంటకుండా పూత వేసి, దూరదేశాలకు పంపేవారు. పూత కడిగిన నీళ్లు పక్కనే ఉన్న పాత రాతిగుంతలోకి వదిలేవారు. తర్వాత షెడ్డు మూసేసి వెళ్లిపోయారు. గుంత మిగిలింది. అందులో ఉన్నది మెల్లగా నేలలోకి దిగింది.

"ఆ షెడ్డులో నేనూ కోట్లు కుట్టినానక్కా" అంది శంకరమ్మ. "ఆ గుడ్డ మీద నీళ్లు పోస్తే ముత్యాల మాదిరి జారిపోతాయి. ఎంత ముద్దుగా ఉండేదో! వానే రాని మా ఊళ్లో కూర్చోని వానకోట్లు కుడతాండామే అని నవ్వుకునేవాళ్లం. ఆ పూతే పోయి మా బావిలో పడుతుందని ఎవురికి తెలుసు?"

నస్రీన్ తన విద్యార్థులతో చుట్టుపక్కల నీళ్లు పరీక్ష చేయిస్తుంటే బయటపడింది. అధికారులు బోరు మూయించి దాని మీద ఎర్ర గుర్తు వేశారు. అప్పటి నుంచి ట్యాంకరు నీళ్లే. అది రాని రోజు ప్రైవేటు బండి దగ్గర బిందె ఐదు రూపాయలు.

"పళ్లు పచ్చబడి, ఎముకలు వంకర పోతాయే, ఆ ఫ్లోరైడేనా ఇది?" అని అడిగాను. అనంతపురం అనగానే మాకు తెలిసింది అదే.

"అందరూ అట్లే అనుకుంటారు ఆంటీ" అంది నస్రీన్. "అది రాళ్లలోంచి వచ్చేది. మా అదృష్టం కొద్దీ ఈ బోరులో అది హద్దు దాటలేదు. ఇది మనుషులు చేసిన రసాయనం. దీంట్లోనూ ఫ్లోరిన్ ఉండాది గానీ, ఆ రసాయనంలోనే ఉండే కార్బన్ ను గట్టిగా పట్టుకోనుంటాది. ఆ పట్టు ఎండకు వీడదు, మన్నులో కుళ్లదు, ఒంట్లోకి పోతే ఏండ్లకేండ్లు ఆడే ఉంటాది. కాచినా పోదు. కాస్తే నీళ్లు ఆవిరై, అది ఇంకా చిక్కబడుతుంది."

"మరి మా బొగ్గుకి ఎలా లొంగుతుంది?"

"దానికి నీళ్లంటే పడదు గదా, అందుకే కోట్ల మీద పూసేది. నీళ్లల్లో పోతా పోతా మీ బొగ్గు సందు కనపడితే దాంట్లోకి దూరి అతుక్కుంటాది."

ఆ మాట విన్నాక నా సంచీలోని నల్ల గుళికల వంక కొత్తగా చూశాను. శంకరమ్మ ఊరుకోలేదు. జీన్సు ఉతికిన నీలం నీళ్లు చెంబుతో తెచ్చింది. ఒక బాటిల్ అడుగు కోసి, గుడ్డ కట్టి, నా నమూనా అంతా అందులో నింపి నీలం నీళ్లు పోసింది. కింద గ్లాసులోకి తేటనీళ్లు దిగాయి. కుట్టేవాళ్లందరూ లేచొచ్చి చూశారు. నా ఛాతీ ఉప్పొంగిపోయింది.

నస్రీన్ మాత్రం, "రంగు పోయిందని సంబరపడొద్దు. ఆ పూత మందుకు రంగూ లేదు, వాసనా లేదు, రుచీ లేదు. ల్యాబు చెప్పిందాకా నేను నమ్మను" అంది.

గుట్టకిందపల్లి: తిప్పన్న నాలుక

ఊరు పేరుకి తగ్గట్టే గుట్ట కింద ఉంది. బండరాళ్లు పేర్చి కట్టిన గోడలు, వాకిళ్లలో చింతకాయలు, గొర్రెల వాసన. భోజనం శంకరమ్మ ఇంట్లో. రాగిసంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి. నేను అన్నంలాగా నమలబోతే, "నమలకూడదక్కా, మింగల్ల!" అని అందరూ అరిచారు. మొదటి ముద్ద గొంతులో నిలబడిపోయింది. మంచినీళ్ల కోసం చేయి చాచాను. ఇంట్లో ఆ పూటకు మిగిలింది అర చెంబు. అదంతా నాకిచ్చేశారు. మా ఊళ్లో కాళ్లు కడుక్కోవడానికి పారబోసే నీళ్లు గుర్తొచ్చి, ఆ అర చెంబు పూర్తిగా తాగలేకపోయాను.

తొట్లు ముందే కట్టి ఉంచారు. బోరు నీళ్లు మొదటి తొట్టిలో పైనుంచి దిగి, బొగ్గు గుండా వడగట్టుకుని, రెండో తొట్టిలోకి పోయి, అక్కడా వడగట్టుకుని నల్లాలోకి రావాలి. "మొదటిది అలసిపోతే రెండోది కాపలా కాస్తుంది" అని నస్రీన్ చెప్పింది.

అక్కడే తిప్పన్నను చూశాను. శంకరమ్మకి చిన్నాయన అవుతాడు. గొర్రెల కాపరి. బోరు మూతపడ్డాక ట్యాంకరు నీళ్లు మందకి చాలక సగం గొర్రెల్ని అమ్మేశాడు. మిగిలినవి తోలుకుని కూతురు గంగమ్మ, అల్లుడు మడకశిర పక్కకి వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే ఖాళీ దొడ్డి ముందు మంచం వేసుకుని ఉంటున్నాడు.

"కోట్లు కుట్టేటోళ్లు వచ్చినారు, పోయినారు. గుర్తు వేసేటోళ్లు వచ్చినారు, పోయినారు. ఇప్పుడు బొగ్గులు పోసేటోళ్లు వచ్చినారు. నువ్వెప్పుడు పోతావమ్మా?" అన్నాడు నన్ను చూసి.

నాకు కోపం రాలేదు. అడగాల్సిన మాటే అడిగాడు.

ఊరంతా చేరి బస్తాలు విప్పి తొట్లు నింపారు. ట్యాంకరు నీళ్లు పోసి కడిగితే కింద నల్లా నుంచి సిరాలాంటి నల్లనీళ్లు వచ్చాయి. ఆడవాళ్ల మొహాలు వాడిపోయాయి. "బొగ్గు నుసి అండి, ముందు ఇలాగే వస్తుంది" అని నేను చెబుతూనే ఉన్నాను. నిజంగానే కాసేపటికి తేటపడింది.

అప్పుడు నస్రీన్ బకెట్ నీళ్లలో రాళ్ల ఉప్పు కలిపి మొదటి తొట్టిలో పోసింది. బొగ్గు ఉప్పుని పట్టుకోదు. అందుచేత కింద నల్లా దగ్గర ఉప్పదనం ఎప్పుడొస్తుందో చూస్తే, నీళ్లు బొగ్గంతా తిరిగి వస్తున్నాయా, అడ్డదారిన వస్తున్నాయా తెలిసిపోతుంది. బోరు నీళ్లు ఇంకా వదల్లేదు, తొట్టిలో ఉన్నవి ట్యాంకరు నీళ్లే కాబట్టి రుచి చూడొచ్చు. తిప్పన్నే ముందుకొచ్చాడు. "నా నాలుకకు తెలీని ఉప్పు ల్యాదు" అంటూ దోసిలి పట్టాడు.

నస్రీన్ ఇంకా గడియారం వైపు చూస్తూనే ఉంది. తిప్పన్న ఉమ్మేశాడు.

"వచ్చేసింది ఉప్పు."

"అప్పుడేనా? అట్లెట్లొస్తాది తాతా?"

"నన్నడిగితే? నీ బొగ్గునడుగు. పైన పోసిన నీళ్లు పోసినట్టే వచ్చేసినాయి."

ఊరంతా నా వంక చూస్తోంది. నీళ్లు బొగ్గుని తాకకుండా ఎటో జారిపోతున్నాయి. నేను తొట్టి ఎక్కి చేయి పెట్టి చూశాను. గోడ వెంబడి బొగ్గు విడిపోయి, వేళ్లు దూరేంత సందు ఉంది. పైపైన నొక్కితే బుడగలు. మేము పొడి బొగ్గునే పారలతో ఎత్తి పోసేశాం. దాని ఒంట్లోని గాలి బయటికి పోలేదు. గాలితో ఉబ్బి తేలి, గోడ దగ్గర దారి వదిలేసింది.

"తప్పు బొగ్గుది కాదు ఆంటీ, మనం నింపిందానిది" అంది నస్రీన్.

"అయితే ఏం చేయల్ల?" అంది శంకరమ్మ.

"మొత్తం బయటికి తీసి, నానబెట్టి, మళ్లీ నింపాలండి" అన్నాను. చెబుతుంటేనే నాకు సిగ్గేసింది. పొద్దున్నుంచి ఎండలో మోసింది వాళ్లే.

శంకరమ్మ కొంగు నడుముకి దోపుకుని, "కుట్టు తప్పు పడితే విప్పి మళ్లీ కుట్టమా ఏంది? పట్టండి మే గంపలు!" అని అరిచింది.

ఒక్కరూ ఇంటికి పోలేదు. డ్రమ్ములు, కాగులు, పాత ఎడ్ల తొట్టి, దొరికిన ప్రతి దాంట్లో బొగ్గు నానబెట్టాం. మర్నాడు తొట్లలో సగం దాకా నీళ్లు పెట్టి, ఆ నీళ్లలోకే నానిన బొగ్గుని మెల్లగా జార్చాం. తర్వాత కిందనుంచి నీళ్లు పైకి తోశాం. బొగ్గంతా ఉడికే అన్నంలా పైకి లేచి, బుడగలు వదిలి, నిమ్మళంగా సర్దుకుంది. గోడ దగ్గర సందు మాయమైంది. మా అందరి చేతులూ మొహాలూ నల్లగా అయిపోయాయి. నస్రీన్ తెల్ల దుపట్టా సంగతి చెప్పనవసరం లేదు.

మళ్లీ ఉప్పు పోశాం. తిప్పన్న దోసిలి పట్టాడు. "ల్యాదు." కాసేపాగి, "ల్యాదు." ఇంకాసేపటికి విసుగొచ్చి బీడీ వెలిగించుకున్నాడు. నస్రీన్ అనుకున్న సమయానికి మళ్లీ నోట్లో పోసుకుని, నన్నే చూస్తూ తల పంకించాడు.

"ఇప్పుడొచ్చింది."

శంకరమ్మ నన్ను ఎత్తినంత పని చేసింది.

అప్పుడు బోరు నీళ్లు వదిలాం. నీళ్లు కొంత పారాక నస్రీన్ సీసాలు నింపింది. దానికి ఎంత మడో! ఆ రోజు ముఖానికి క్రీము రాసుకోకూడదు, పొట్లాల కాగితం ముట్టుకోకూడదు, వానకోటు వేసుకోకూడదు. అన్నింట్లోనూ ఆ మందు ఉండే వీలుందట. "వానకోటు మాట మాకు చెప్పనక్కర్లేదులే" అన్నారు ఆడవాళ్లు. సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని నస్రీన్ బెంగళూరు బస్సెక్కింది.

మడకశిర: ఊట ఆయ్తా?

ఫలితం రావడానికి వారం దాకా పడుతుందన్నారు. ఆ రోజులన్నీ ఊళ్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని శంకరమ్మ నన్ను గంగమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. తిప్పన్న కూతురికని ఓళిగలు కట్టించాడు. మేం బొబ్బట్లంటాం, అవే. "రమ్మని చెప్పొద్దు. కాగితం వచ్చిందాకా ఆ మాట ఎత్తొద్దు" అని శంకరమ్మకి రెండుసార్లు చెప్పాడు.

మడకశిర దాటాక తెలుగెక్కడ ఆగుతుందో, కన్నడం ఎక్కడ మొదలవుతుందో నాకు అంతు చిక్కలేదు. బస్సు కండక్టరు ఒక భాషలో అడిగి ఇంకో భాషలో చిల్లర ఇచ్చాడు. ఇక్కడ డబ్బుల్ని దుడ్లంటారు.

గంగమ్మ వాళ్లు ఒక ఆసామి చేలో మంద నిలిపి, పక్కనే రేకుల పాకలో ఉంటున్నారు. సన్నటి మనిషి, నవ్వితే మొహమంతా నవ్వే. మేము వెళ్లేసరికి ఆమె మంద దగ్గర ఉంది. పక్క పాకావిడ నన్ను చూసి ఎంతో ఆప్యాయంగా, "ఊట ఆయ్తా?" అంది.

ఊట అంటే నాకు తెలిసింది నీటి ఊటే. మా నీళ్ల సంగతి ఇక్కడి దాకా పాకిందే అని ఆశ్చర్యపోయి, "ఇంకా తేలలేదండి, బెంగళూరు పంపించాం. వారం పడుతుందట" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. శంకరమ్మ నేల మీద కూలబడి నవ్వింది. "అన్నం తింటివా అని అడుగుతాందక్కా! నీ అన్నం బెంగళూరు పోయిందా?"

ఆ పూట ఆవిడే అన్నం పెట్టింది. ముద్దా, సొప్పుసారనే ఆకుకూర చారూ.

రాత్రి మంచాలు బయట వేసుకున్నాక గంగమ్మ తనంతట తానే మాట తీసింది. "ఈడ నీళ్లుండాయక్కా. గడ్డి కూడా ఉండాది. కానీ ఈడ మేము కూలోళ్లం. మా ఊళ్లో మా మందకు మేమే ఆసాములం." శంకరమ్మ నోరు విప్పబోయి, చిన్నాయన మాట గుర్తొచ్చి ఆగిపోయింది. చీకట్లో కూడా ఆమె పెదవి కొరుక్కోవడం నాకు కనిపించింది.

నస్రీన్ ఫోన్ వచ్చేసరికి మేము మందలో ఉన్నాం. ఒక గొర్రె గిట్టలో ముల్లు దిగితే గంగమ్మ తీస్తోంది, నేను దాని తల పట్టుకున్నాను. శంకరమ్మ ఫోన్ అందరికీ వినపడేలా పెట్టింది.

"అక్కా, వచ్చినాయి. బోరు నీళ్లల్లో ఎప్పటి మాదిరే ఉండాది. మొదటి తొట్టి తర్వాత దాదాపు ల్యాదు. రెండో తొట్టి తర్వాత ఏమీ కనపడలేదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ ల్యాదక్కా! మిషన్ కు అందేంత కూడా ల్యాదు!"

శంకరమ్మ కేక వేసింది. మంద బెదిరి నాలుగు వైపులా పరిగెత్తింది. నేను పట్టుకున్న గొర్రె నన్ను పడదోసి పోయింది. ఎర్రమట్టిలో పడి లేవకుండా అలాగే నవ్వుతూ ఏడ్చాను. మా బట్టీ పొగ, మా ఆయన దగ్గు, కాలిన నా చేతులు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మా బొగ్గు వెళ్లిన చోటు చివరికి చూశాను.

గంగమ్మ మాత్రం నవ్వలేదు. ఫోన్ దగ్గరికి వంగి అడిగింది. "మేడమ్, ఆ నీళ్లు మనుషులకేనా? గొర్రెలకూ ఇస్తారా?"

అవతల నుంచి నస్రీన్ చెప్పింది. "మనుషులు తాగేదానికి, వండుకునేదానికి లెక్క వేసి కట్టినామమ్మా. వడగట్టని నీళ్లు గొర్రెలకు పెట్టకూడదు, అది మాంసంలోకి, పాలల్లోకి వస్తాది. వడగట్టినవి పెడితే బొగ్గు తొందరగా నిండిపోతాది, తొందరగా మార్చల్ల."

అందరూ నా వంక చూశారు. నేను మట్టి దులుపుకోకుండానే మా ఆయనకి ఫోన్ చేశాను. ఫలితం చెప్పి, గొర్రెల సంగతీ చెప్పాను. ఆయన ఒక్కసారి దగ్గి, "మన దగ్గర చిప్పలకేం లోటు? గొర్రెల వంతు బొగ్గు మన తరఫున పంపుతామని చెప్పేయ్" అన్నారు.

గంగమ్మ పాకలోకి పోయి సామాను కట్టడం మొదలుపెట్టింది.

మళ్లీ గుట్టకిందపల్లి

కాగితం చూశాక నీళ్ల శాఖ ఇంజనీరు స్వయంగా వచ్చాడు. తొట్లు తిరిగి చూసి, నెలనెలా పరీక్ష చేయించాలని చెప్పి, బోరు మీద గుర్తు చెరిపేయమన్నాడు. శంకరమ్మ రాయి తీసుకుని ఆ ఎర్ర రంగుని తానే గీకేసింది.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. బొగ్గు నిండిపోయాక పొయ్యిలోకి పనికొస్తుంది కదా అని ఒకావిడ అడిగింది. వద్దంటే వద్దని నస్రీన్ గట్టిగా చెప్పింది. పట్టుకున్న మందు అందులోనే ఉంటుంది. మామూలు పొయ్యిలో కాలిస్తే పొగలో బయటికొస్తుంది, చేలో పోస్తే మళ్లీ నేలలోకి దిగుతుంది. మూత బిగించిన డ్రమ్ముల్లో పెట్టి, ఇలాంటి వాటిని ఎంతో వేడి మీద కాల్చే చోటికి పంపాలి. "అర్థమైందిలే. దొంగను పట్టుకున్నాం. ఇంగ విడిచిపెట్టకూడదు, అంతే గదా" అంది శంకరమ్మ.

నల్లా తిప్పే రోజు ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఓళిగల వాసన. మైకు లేదు, దండలు లేవు. నస్రీన్ తల్లి రాయదుర్గం నుంచి పెద్ద గిన్నె నిండా సేమ్యా తెచ్చింది. పొద్దెక్కుతుండగా చిన్న లారీలో గంగమ్మ దిగింది. మొగుడూ ఆమే గొర్రెల్ని ఒక్కొక్కటిగా దించుతుంటే తిప్పన్న దొడ్డి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. కూతురిని పలకరించలేదు. దిగిన ప్రతి గొర్రె వీపూ తడిమి లోపలికి పంపాడు. ఆఖరుది దిగాక కూతురి తల మీద చేయి పెట్టి, వెంటనే తీసేసి, "చిక్కిపోయినావు" అన్నాడు. గొర్రెని అన్నాడో, కూతురిని అన్నాడో నాకు తెలియలేదు. గంగమ్మకి తెలిసినట్టుంది. కళ్లు తుడుచుకుంది.

మొదటి నీళ్లు ఎవరు తాగాలన్న ప్రశ్న వచ్చింది. నస్రీన్ తాగుతానంది. నా బొగ్గు కాబట్టి నేను తాగుతానన్నాను. ఇంజనీరు కూడా గ్లాసు చాచాడు. తిప్పన్న మమ్మల్ని పక్కకి తోసి నల్లా ముందు వంగాడు.

"నాలుక నాది" అన్నాడు.

శంకరమ్మ నల్లా తిప్పింది. దోసిట్లో నీళ్లు నిండి మోచేతుల మీదుగా కారాయి. ఆయన మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. బోరు చుట్టూ ఎవరూ కదల్లేదు. గొర్రెలు కూడా అరవలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. దొడ్లో ఒకటే గోల, నీళ్ల వాసన వాటికి ముందే తెలిసిపోయింది. ఆయన మింగాడు. ఇంకో దోసిలి పట్టాడు, ఇంకొకటి. చివరికి మొహమంతా కడుక్కుని, మీసాల నుంచి నీళ్లు కారుతుండగా లేచి మా వైపు తిరిగాడు.

"ఏమప్పా, అట్ల సూస్తా నిలబడుకున్నారు? బిందెలు తెచ్చుకోపోండి!"

ఊరు ఒక్కసారిగా ఇళ్లలోకి పరిగెత్తింది. సందులన్నింట్లో బిందెల చప్పుడు. ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్ వి, ఒకావిడ చేతిలో పప్పు కుక్కరు. నేను శంకరమ్మ ఇంట్లోంచి ఒక బిందె అడిగి తెచ్చుకుని, గంగమ్మ వెనకాల వరసలో నిలబడ్డాను.